మా గెస్టుకి న్యుమోనియా వచ్చింది, షవర్ నీళ్లే కారణమా?

ప్రశ్న: నేను 60 గదుల హోటల్లో అసిస్టెంట్ మేనేజర్‌ని. ఈ మధ్యే మెయింటెనెన్స్ బాధ్యత కూడా నాకు అప్పగించారు. కింద బాయిలర్ రూమ్‌లో పెద్ద ట్యాంకులో నీళ్లు కాచి, పంపుతో అన్ని అంతస్తులకూ పంపిస్తాం. ఖర్చు తగ్గుతుందని ట్యాంకును 45 డిగ్రీల దగ్గర పెట్టారు. గెస్టులు తక్కువగా ఉండే నెలల్లో పై అంతస్తు మూసేసి, రద్దీ మొదలయ్యాక మళ్లీ తెరుస్తాం. అలా తెరిచిన కొత్తలో అక్కడ మూడు రాత్రులు ఉండి వెళ్లిన ఒక పెద్దాయన ఐసీయూలో ఉన్నారని ఆయన కొడుకు ఫోన్ చేశారు. న్యుమోనియా అట, పరీక్షలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా అని తేలిందట. హోటల్లో షవర్ వాడారా అని డాక్టర్ అడుగుతున్నారట. మా ఓనర్ గారికి చెబితే, "మన నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఇంకే గెస్టూ కంప్లయింట్ చేయలేదు, ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపు, రిపోర్ట్ బాగుంటే వదిలెయ్" అన్నారు. ప్లంబరేమో ఇవాళే ట్యాంకులో గట్టిగా క్లోరిన్ పోసి కడిగేద్దాం అంటున్నాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? మా స్టాఫ్ కూడా బేస్‌మెంట్‌లో అవే నీళ్లతో స్నానం చేస్తారు. వాళ్లని ఆపాలా?

జవాబు: ముందు ఇవాళ చేయాల్సిన పనులు చెబుతాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

పై అంతస్తు గదులు ఎవరికీ ఇవ్వకండి. మిగతా అంతస్తులకు వెళ్లేదీ అదే ట్యాంకు నీళ్లు కాబట్టి అక్కడ కూడా షవర్లు ఆపించండి. 0.2 మైక్రాన్ల ఫిల్టరు ఉండే షవర్ హెడ్‌లు దొరుకుతాయి. అవి తెప్పించి బిగిస్తే గదులు నడుపుకోవచ్చు, లేకపోతే కొన్నాళ్లు బుకింగులు వదులుకోవాల్సిందే. తర్వాత మీ ప్రాంతపు ఆరోగ్య శాఖకు మీరే ఫోన్ చేసి విషయం చెప్పండి. ఆ పెద్దాయన ఏ గదిలో ఉన్నారు, ఏ తేదీల్లో ఉన్నారు అన్నది రాసిపెట్టుకోండి. ఆయన ఉన్న రోజుల్లో, దానికి అటూ ఇటూ ఉన్న గెస్టుల వివరాలు కూడా సిద్ధంగా ఉంచండి. ప్లంబర్‌ని మాత్రం శాంపిల్స్ తీసేదాకా ఆగమనండి. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఇవాళ క్లోరిన్ పోస్తే నీళ్లలో ఏముందో ఎప్పటికీ తెలియదు, పైపుల లోపల దాక్కున్నది మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది. ఆధారాలు చెరిపేశారన్న మాట కూడా మీ మీద పడుతుంది. అలాగని శాంపిళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూడకండి. అధికారులు వెంటనే రాలేమంటే, లెజియోనెల్లా పరీక్షలు చేసే గుర్తింపు పొందిన ల్యాబ్ మనిషిని వాళ్ల అనుమతితో పిలిపించి, శాంపిల్స్ తీయించాకే శుద్ధి మొదలుపెట్టండి.

ఇక మీ ఓనర్ గారి మాటలు. ఇంకే గెస్టూ కంప్లయింట్ చేయలేదన్నది ధైర్యం చెప్పే మాటలా వినిపిస్తుంది కానీ ఈ జబ్బు విషయంలో దానికి విలువ లేదు. నీటి తుంపర్లు పీల్చిన తర్వాత జ్వరం మొదలవడానికి సాధారణంగా రెండు నుంచి పది రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు దాటుతుంది. ఆ సరికి గెస్టు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో, ఒక్కో ఆసుపత్రిలో చేరతారు. అక్కడ అది మామూలు న్యుమోనియాగానే కనిపిస్తుంది. ప్రత్యేకంగా పరీక్ష చేయిస్తే తప్ప లెజియోనెల్లా అని తెలియదు. తెలిసినా, పది రోజుల కిందట చేసిన స్నానం ఎంతమందికి గుర్తుంటుంది?

ఈ జబ్బు సంగతి ప్రపంచానికి తెలిసిందే ఒక హోటల్ వల్ల. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, బెల్వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అనే పేరున్న హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగింది. సభ ముగిసి అందరూ ఇళ్లకు చేరాక జ్వరాలు, ఊపిరాడకపోవడం మొదలయ్యాయి. మొత్తం 221 మంది జబ్బుపడితే 34 మంది చనిపోయారు. వాళ్లు ఒకే సంఘం వాళ్లు, ఒకరి గురించి ఒకరికి తెలుసు కాబట్టి చావుల మధ్య సంబంధం బయటపడింది. మీ హోటల్లో దిగేవాళ్లకు ఒకరికొకరు తెలియదు. కారణం పట్టుకోవడానికి కూడా నెలలు పట్టింది. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త, అంతవరకూ పేరు కూడా లేని ఒక బ్యాక్టీరియాను గుర్తించారు. ఆ సంఘం పేరు మీదే దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. అప్పట్లో అనుమానం ఆ హోటల్ ఏసీ వ్యవస్థ మీద పడింది. షవర్లు, వేడినీళ్ల పైపులు కూడా ఇదే పని చేయగలవని తర్వాతి ఏళ్లలో తెలిసింది.

అందుకే యూరప్ దేశాలు 1980ల నుంచి ప్రయాణికుల కేసుల సమాచారం ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వేరువేరు దేశాల నుంచి వచ్చినవాళ్లయినా సరే, రెండేళ్ల లోపల ఒకే బసలో దిగినవాళ్లలో ఇద్దరికి ఈ జబ్బు వస్తే దాన్ని అక్కడ ఒక గుంపు కేసుగా లెక్కిస్తారు. రెండేళ్ల గడువు ఎందుకంటే ఈ బ్యాక్టీరియా ఒకసారి పైపుల్లో స్థిరపడితే అంతకాలమూ ఉండగలదు కాబట్టి. మీకు ఇప్పుడు తెలిసింది ఒక కేసు. జరిగింది ఒక్కటేనని దానర్థం కాదు.

అయితే ఆ పెద్దాయనకు మీ దగ్గరే సోకిందని కూడా ఇప్పుడే తేల్చేయలేం. ఆ పది పదిహేను రోజుల్లో ఆయన ఇంకెక్కడెక్కడ ఉన్నారో చూడాలి. దాన్ని తేల్చే దారి ఒకటుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ బ్యాక్టీరియా చెరువుల్లో, వాగుల్లో, తడి మట్టిలో సహజంగానే ఉంటుంది. ఊరి నీళ్లతో పాటు చాలా కొద్దిగా పైపుల్లోకి వస్తుంది. అంత కొద్దిగా ఉన్నప్పుడు సాధారణంగా ఎవరికీ ఏమీ కాదు. అది లక్షలుగా పెరగడానికి మనం వసతి ఏర్పాటు చేసినప్పుడే ప్రమాదం. 20 డిగ్రీల లోపు చల్లటి నీళ్లలో అది చావదు కానీ పెరగదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, మన ఒంటి వేడికి దగ్గరగా ఉండే నీళ్లలో మరీ జోరుగా పెరుగుతుంది. 50 దాటితే పెరుగుదల ఆగుతుంది కానీ చావడానికి గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర రెండు నిమిషాల్లో పదింట తొమ్మిది వంతులు చస్తాయి. 70 దగ్గర దాదాపు వెంటనే చస్తాయి.

ఈ అంకెల పక్కన మీ 45 పెట్టి చూడండి. ట్యాంకు దగ్గర 45 ఉన్న నీళ్లు పైపుల్లో వేడి పోగొట్టుకుంటూ పై అంతస్తు చేరేసరికి 38, 40కి దిగుతాయి. అంటే అది పెరగడానికి బాగా నప్పే వేడి దగ్గరే మీ హోటల్ మొత్తం నడుస్తోంది. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఈ ఒక్క అంకె.

పెరిగే చోటు కూడా చూడాలి. ట్యాంకు అడుగున చేరే బురద, పైపు లోపలి తుప్పు, షవర్ హెడ్‌లో కట్టిన గార, కొన్ని రకాల రబ్బరు వాషర్లు, వీటన్నిటి మీదా జారుడుగా ఒక జిగురు పొర పడుతుంది. ఆ పొరను మేస్తూ అమీబాలు తిరుగుతుంటాయి. అమీబా లెజియోనెల్లాను కూడా మింగుతుంది కానీ అరిగించుకోలేదు. అది అమీబా లోపలే పిల్లలు పెట్టి, చివరికి దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. టిమోతీ రోబోథమ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1980లో ఈ సంగతి బయటపెట్టారు. మన ఊపిరితిత్తుల్లో క్రిములను మింగి చంపే కణాలు కూడా అమీబా లాగే పనిచేస్తాయి. లెజియోనెల్లా అక్కడా అదే ఎత్తు వేస్తుంది. కణం లోపల కూర్చుని ఉంటుంది కాబట్టే పెన్సిలిన్ జాతి మందులు దాని మీద పనిచేయవు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి వాడాలి. డాక్టర్‌కి ఈ అనుమానం ముందే తెలియడం ప్రాణాలు నిలిపే విషయం అవడానికి కారణం ఇదే. జబ్బు పడినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు చనిపోతారు. 50 ఏళ్లు దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

ఒంట్లోకి చేరేది తుంపర్ల ద్వారా. షవర్ తిప్పగానే బాత్రూమ్ నిండా పరుచుకునే సన్నని తుంపర ఊపిరితో పాటు ఊపిరితిత్తుల లోతు దాకా వెళుతుంది. నీళ్లు తాగితే మామూలుగా రాదు, తాగేటప్పుడు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే రావచ్చు. ఆసుపత్రుల్లో బలహీనంగా ఉన్న రోగులకు అలా జరుగుతుంది. మనిషి నుంచి మనిషికి సాధారణంగా అంటదు కాబట్టి ఆ గది శుభ్రం చేసిన హౌస్‌కీపింగ్ వాళ్లు ఆ పెద్దాయన వల్ల భయపడనక్కర్లేదు.

క్లోరిన్ గురించి మీ ఓనర్ గారు చెప్పింది సగం నిజం. చల్లటి నీళ్లలో అది పనిచేస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ, ట్యాంకులో నిలవ ఉండేకొద్దీ క్లోరిన్ తరిగిపోతుంది. పై అంతస్తు షవర్ చేరేసరికి ఏమీ మిగలకపోవచ్చు. మిగిలినా జిగురు పొరను దాటి లోపలికి పోలేదు. ఇబ్బంది వస్తే అమీబా గట్టి పెంకు కట్టుకుని ముడుచుకుంటుంది. ఆ పెంకులో ఉన్న లెజియోనెల్లా, మామూలుగా వాడే మోతాదుకు ఎన్నో రెట్లు క్లోరిన్ వేసినా బతికి బయటపడుతుంది. ప్లంబర్ చెప్పినట్టు ఒక్క ట్యాంకును కడిగితే, పైపుల్లో మిగిలినవి కొన్ని వారాల్లో మళ్లీ ట్యాంకు దాకా వస్తాయి.

మూసి ఉంచిన పై అంతస్తు సంగతికొద్దాం. నెలల తరబడి కదలని నీళ్లు, గది వేడికి చేరి నిలబడిపోతాయి. క్లోరిన్ ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది. గెస్టు వచ్చి షవర్ తిప్పిన మొదటి నిమిషంలో వచ్చేది ఆ నిలవ నీరే. ఇప్పటినుంచి ఏ గదైనా వారం రోజులు ఖాళీగా ఉంటే, ఆ గదిలోని ప్రతి కొళాయినీ ప్రతి షవర్‌నీ, వేడి వైపూ చల్లటి వైపూ, పైపులో నిలిచిన నీళ్లన్నీ పోయి వేడి నిలకడగా వచ్చేదాకా కొన్ని నిమిషాలు వదలాలి. ఫ్లష్ ట్యాంకు కూడా, మూత వేసి. నెలలు మూసిన అంతస్తుకు ఇలా వదలడం ఒక్కటే చాలదు, శుద్ధి చేశాకే తెరవాలి. వదిలేటప్పుడు కూడా తుంపర లేవకుండా చూడాలి. షవర్ హెడ్ విప్పి గొట్టాన్ని నేరుగా డ్రెయిన్‌లోకి పెట్టండి. విప్పలేకపోతే దానికి ప్లాస్టిక్ సంచి కట్టి అడుగున ఒక మూల కత్తిరించండి, నీళ్లు కిందికి ధారగా పోతాయి. కిటికీ తెరిచి, తిప్పినవాళ్లు బయటికి వచ్చేయాలి. ఎన్95 మాస్క్ వేసుకోమనండి.

ఇప్పుడు మీరు స్వయంగా చేయాల్సిన పని చెబుతాను. ఎవరినో పంపకండి. ఒక మంచి డిజిటల్ థర్మామీటర్, పైపు మీద ఆనించి చూసే రకం ఒకటి, ఒక నోట్‌బుక్ తీసుకుని బాయిలర్ రూమ్ నుంచి మొదలుపెట్టండి. ట్యాంకు ప్యానెల్ మీద కనిపించే అంకె థర్మోస్టాట్ ఉన్న చోటిది మాత్రమే. అది పైభాగంలో ఉంటే, పైన 60 ఉన్నప్పుడు అడుగున 35 కూడా ఉండొచ్చు, బురద ఉండేదీ అడుగునే. డ్రెయిన్ వాల్వ్ తెరిచి ఒక తెల్లటి బకెట్‌లోకి కొద్దిగా వదిలి రంగు చూడండి, వేడి చూడండి. ఎర్రగా, మడ్డిగా వస్తే ఆ ట్యాంకును ఎప్పుడు లోపలిదాకా శుభ్రం చేశారో మీ ప్లంబర్‌ని అడగండి. తర్వాత ట్యాంకు నుంచి బయటికి వెళ్లే పైపు వేడి, అంతస్తులన్నీ చుట్టి వెనక్కి వచ్చే రిటర్న్ పైపు వేడి రాసుకోండి. వెళ్లేది 60, తిరిగి వచ్చేది 50కి తగ్గకుండా ఉండాలి.

రిటర్న్ మెయిన్ మీద 50 కనిపించగానే సంతోషపడకండి. అది అన్ని లైన్లూ కలిసిన తర్వాతి వేడి. పంపుకు దగ్గరగా ఉన్న నిలువు పైపుల్లో నీళ్లు జోరుగా తిరుగుతుంటే, చివర ఉన్నదాంట్లో అసలు కదలిక ఉండకపోవచ్చు, కాలవ చివరి పొలానికి నీళ్లు అందనట్టు. ప్రతి నిలువు పైపు రిటర్న్ మీదా థర్మామీటర్ ఆనించి చూడండి. ఒకటి మాత్రం 38, 40 చూపిస్తే ఆ లైన్‌లో బ్యాలెన్సింగ్ వాల్వ్ (అన్ని లైన్లకూ నీళ్లు సరిగ్గా అందేలా సర్దే వాల్వ్) మూసుకుపోయి ఉండొచ్చు, గార పట్టి ఉండొచ్చు. రాత్రిపూట కరెంటు ఆదా అని సర్క్యులేషన్ పంపును ఆపేస్తున్నారేమో కూడా కనుక్కోండి.

తర్వాత బాయిలర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న గదికి వెళ్లండి. వేడినీళ్ల కొళాయి పూర్తిగా తిప్పి, సరిగ్గా ఒక నిమిషం తర్వాత కొలవండి. 50 రావాలి. చల్లటి కొళాయి రెండు నిమిషాలు వదిలి కొలవండి, 20 లోపు ఉండాలి. వాతావరణం వేడిగా ఉండే చోట అది సాధ్యపడదు, ఎండలో ఉన్న ట్యాంకు నీళ్లు 30 కూడా దాటతాయి. అలాంటిచోట చల్లటి నీళ్ల లైన్‌ని కూడా అనుమానించాల్సిందే. ట్యాంకుకు నీడ, పైపులకు తొడుగు, నీళ్లు నిలవ ఉండకుండా తిరుగుదల, చల్లటి వైపు సరిపడా క్లోరిన్ ఉండేలా చూసుకోవాలి. షవర్‌కి వేడి, చల్ల కలిపే మిక్సర్ ఉంటే కొలత మిక్సర్ తర్వాత తీసుకోకండి, దానికి ముందున్న వేడి పైపు మీద ఆనించి తీసుకోండి. అక్కడే షవర్ హెడ్ విప్పి లోపల వేలితో రుద్ది చూడండి. తెల్లటి గార, దాని కింద గోధుమ రంగు జిగురు అంటితే ఈ ఉత్తరంలో నేను చెబుతున్నది మీ వేలి మీదే ఉన్నట్టు. చేతికి గ్లవ్ వేసుకుని చూడండి.

ఇంకొకటి వెతకాలి. గోడ దాకా వచ్చి ఎండ్ క్యాప్‌తో మూసేసిన పైపులు. ఎప్పుడో బాత్‌టబ్ తీసేసినప్పుడు, లాండ్రీ మార్చినప్పుడు వదిలేసిన ముక్కలవి. వాటిని డెడ్ లెగ్స్ అంటారు. వాటిలో నీళ్లు కదలవు కానీ నడిచే లైన్‌తో కలిసే ఉంటాయి. మీరు మిగతా అంతా ఎంత బాగు చేసినా అవి మళ్లీ మళ్లీ అంటిస్తూనే ఉంటాయి. మెయిన్ దగ్గరికంటా కోయించేయండి.

గదికో గీజర్ ఉన్న హోటళ్ల వాళ్లు ఇది తమ గొడవ కాదనుకోవద్దు. కీ కార్డు తీయగానే గీజర్ ఆగిపోయే గదుల్లో, ట్యాంకు నీళ్లు రోజులో ఎక్కువ భాగం గోరువెచ్చగానే నిలబడి ఉంటాయి. గెస్టు వచ్చేముందు దాన్ని 60 దాకా కాగనిచ్చి, కొంత వదిలేసే పద్ధతి పెట్టుకోవాలి.

ల్యాబ్ రిపోర్ట్ విషయంలో నా మాట గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఒక్క శాంపిల్ పంపి, బాగుందని కాగితం వస్తే ఫైల్లో పెట్టుకోవడం కంటే అసలు పంపకపోవడమే నయం. ఆ కాగితం మిమ్మల్ని నిద్రపుచ్చుతుంది. నీళ్లలో మురుగు కలిసిందేమో చూడడానికి మామూలుగా చేసే కోలిఫాం పరీక్షలో లెజియోనెల్లా కనిపించదు. దానికి ప్రత్యేకమైన, బొగ్గు కలిపిన నల్లటి మాధ్యమం మీద పెంచి చూడాలి, ఫలితం రావడానికి పది రోజుల దాకా పడుతుంది. ఒకే పైపులో ఇవాళ వందల్లో, వచ్చే వారం వేలల్లో రావడం మామూలే. జిగురు పొర ఎప్పుడు ఊడితే అప్పుడు నీళ్లలోకి వస్తుంది మరి. అందుకని ట్యాంకు, రిటర్న్ లైన్, దగ్గరి గది, దూరపు గది, ఆ పెద్దాయన ఉన్న గది, స్టాఫ్ షవర్, ఇన్ని చోట్ల నుంచి తీయాలి. ఆ పెద్దాయన గదిలో కొళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు ఒక సీసా, కాసేపు వదిలాక ఇంకో సీసా పట్టాలి. మొదటిది షవర్ సంగతి చెబుతుంది, రెండోది లైన్ సంగతి చెబుతుంది. సీసాలో క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే దారిలోనే బ్యాక్టీరియా చచ్చి తప్పుడు ఫలితం వస్తుంది. శుద్ధి చేసిన మర్నాడే తీసిన శాంపిల్ కూడా నమ్మదగ్గది కాదు, కనీసం రెండు రోజులు ఆగాలి.

అంకెల విషయానికొస్తే, 2020లో యూరప్ తెచ్చిన తాగునీటి నిబంధనల్లో లీటరుకు 1000 కాలనీల (ల్యాబ్‌లో పెంచినప్పుడు కనిపించే బ్యాక్టీరియా గుంపుల) లోపు అన్న హద్దు పెట్టారు. దానికి లోపల వచ్చినా మీ పరిస్థితిలో చేతులు కట్టుకుని కూర్చోకూడదు, ఎందుకంటే ఒక మనిషి ఐసీయూలో ఉన్నారు, మీ ట్యాంకు 45 దగ్గర ఉంది. రిపోర్ట్ ఎలా వచ్చినా ఆ 45 తప్పే. మీ ఓనర్ గారికి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. ఏడాదికి ఒకటో రెండో వచ్చే ల్యాబ్ కాగితాల కంటే, చివరి గది కొళాయి దగ్గర ప్రతి నెలా రాసిన వేడి అంకె మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది.

శాంపిల్స్ అయ్యాక శుద్ధి. ఈ పని అలవాటున్న సంస్థకే ఇవ్వండి. ట్యాంకు ఖాళీ చేసి బురద, గార తీసి, తర్వాత నీళ్లను 70 డిగ్రీలకు పైగా కాచి లైన్లన్నిటిలో తిప్పి, ప్రతి కొళాయి దగ్గరా కనీసం 60 వచ్చేలా ఐదు నిమిషాలకు తగ్గకుండా వదులుతారు. లేదా ఎక్కువ మోతాదు క్లోరిన్‌ని లైన్లలో గంటల తరబడి నిలిపి తర్వాత పూర్తిగా కడిగేస్తారు. పైపుల రకం, వయసు చూసి ఏది నప్పుతుందో వాళ్లు చెబుతారు. ఆ పూట హోటల్లో గెస్టు అనేవాడు ఉండకూడదు. షవర్ హెడ్‌లు, గొట్టాలు విప్పి గార పోయేలా నానబెట్టి శుద్ధి చేయాలి, మరీ పాతవైతే మార్చేయడమే తేలిక. ఆ తర్వాత మూడు నెలలకోసారి షవర్ హెడ్‌ల, గొట్టాల శుద్ధి తప్పనిసరి.

ఆ పైన ట్యాంకు 60 దగ్గరే ఉండాలి, ఎప్పటికీ. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదారు సెకన్లలో కాలుస్తాయి, చిన్నపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంతకాలం 40 డిగ్రీలకు అలవాటుపడిన షవర్లోంచి ఒక్కసారిగా అలాంటి నీళ్లు వస్తే ఘోరం జరుగుతుంది. ముందు ప్రతి షవర్‌కీ, వేడి నీళ్లలో చల్లటివి కలిపి వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ పెట్టించి, ఆ తర్వాతే వేడి పెంచండి. అది షవర్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. అంతస్తు మొత్తానికి ఒకటే పెట్టి అక్కడి నుంచి గోరువెచ్చని నీళ్లు పంపుదామంటారు కొందరు, ఒప్పుకోకండి. అలా చేస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

ఖర్చు గురించి మీ ఓనర్ గారు అడుగుతారు, అడగడంలో తప్పులేదు. ఆదాకి వేరే దారులున్నాయి. వేడి పైపులకు, ట్యాంకుకు మంచి ఇన్సులేషన్, బాయిలర్ సర్వీసింగ్, కావలసిన దానికంటే పెద్ద ట్యాంకు ఉంటే చిన్నదానికి మారడం, వాడని లైన్లు కోసేయడం. తక్కువ గెస్టులున్న నెలల్లో ఒక అంతస్తు మొత్తం మూసే బదులు గదులు తిప్పి తిప్పి ఇస్తే నీళ్లూ కదులుతాయి. సోలార్‌తో ముందుగా కాచే ట్యాంకు ఉంటే దాని చివర 60 దాకా కాచే ఏర్పాటు ఉందో లేదో చూడండి. మీ హోటల్లో స్పా టబ్, అలంకరణ ఫౌంటెన్, నీళ్ల కూలింగ్ టవర్ లాంటివి ఉంటే వాటినీ ఈ తనిఖీలో కలపండి. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో, నమూనాగా పెట్టిన వేడినీళ్ల స్పా టబ్ పక్క నుంచి నడిచి వెళ్లినవాళ్లకే ఈ జబ్బు సోకింది, ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఇక ఆ కొడుకు గారి ఫోన్. మీరు తిరిగి ఫోన్ చేయండి, ఓనర్ గారు వద్దన్నా సరే అని నేననను, ముందు ఆయన్ని ఒప్పించండి. ఆరోగ్య శాఖ దర్యాప్తులో ఎలాగూ మీ పేరు వస్తుంది. మీ అంతట మీరు ముందుకు వస్తే ఆ కుటుంబానికీ మేలు, మీకూ మేలు. తండ్రిగారు ఏ గదిలో, ఏ తేదీల్లో ఉన్నారో చెప్పండి. షవర్లు ఆపామని, ఆరోగ్య శాఖకు చెప్పామని చెప్పండి. తప్పు మాదేననీ అనకండి, మాది కాదనీ అనకండి. రెండూ ఇప్పుడు మీకు తెలియవు. ఇందాక చెబుతానన్న సంగతి ఇక్కడే చెప్పాలి. ఆసుపత్రిలో ఈ జబ్బును సాధారణంగా మూత్ర పరీక్షతో కనుక్కుంటారు. అది త్వరగా ఫలితం ఇస్తుంది కానీ దానితో బ్యాక్టీరియాను పోల్చి చూడలేరు. కఫం తీసి కల్చర్ చేస్తే, అందులో పెరిగిన బ్యాక్టీరియా జన్యువులనీ మీ నీళ్లలో దొరికినదాని జన్యువులనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రెండూ ఒకటేనా కాదా అన్నది అప్పుడు తెలుస్తుంది. కఫం కల్చర్‌కి పంపారా అని డాక్టర్‌ని అడగమని ఆ కొడుకు గారికి చెప్పండి. మందులు ఎక్కువ రోజులు నడిచాక బ్యాక్టీరియా దొరకడం కష్టం కాబట్టి ఇది ఇవాళే చెప్పాల్సిన మాట.

అదే సమయంలో ఉన్న మిగతా గెస్టులకు సమాచారం ఎలా పంపాలో ఆరోగ్య శాఖ వాళ్లతో కలిసి నిర్ణయించండి. వాళ్లలో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు, విరేచనాలు, మతి తడబడడం లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఫలానా తేదీల్లో హోటల్లో షవర్ వాడానని చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టర్ సరైన పరీక్ష రాస్తారు, సరైన మందు మొదలుపెడతారు.

చివరిగా మీ స్టాఫ్. అవును, బేస్‌మెంట్ షవర్లు ఆపించండి. గెస్టులకు ఫిల్టర్ హెడ్‌లు తెప్పించేటప్పుడు వాళ్లకూ కలిపి తెప్పించండి. షవర్లు ఎందుకు ఆపారో వాళ్లకు దాచకుండా చెప్పండి. షిఫ్టుల్లో ఎవరికైనా ఈ మధ్య వదలని జ్వరం, దగ్గు వచ్చిందేమో అడిగి, ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి. ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉన్నవాళ్లని, 50 దాటినవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగండి. సెలవు పోతుందేమోనన్న భయంతో చాలామంది జ్వరం సంగతి బయటికి చెప్పరు. జీతం కోయమని ముందే హామీ ఇచ్చి అడగండి.